ప్లీడరు గారి ఆఫీసు నుంచి మన వివరాలు బయటికి పోతే

గోదావరి డెల్టాలో ఒక కుటుంబం గురించి బ్యాంకుకు తెలియనివి, బంధువులకు కూడా తెలియనివి ప్లీడరు గారి ఫైల్లో ఉంటాయి. అన్నదమ్ముల పంపకాల దావా అయితే తాతల నాటి లింకు డాక్యుమెంట్ల నుంచి ఇప్పటి పట్టాదారు పాసుపుస్తకం వరకు అన్నీ అక్కడే. చేపల చెరువు లీజు తగాదా అయితే ప్రామిసరీ నోట్లు, సంతకం పెట్టిన చెక్కుల కాపీలు. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి పరిహారం కేసు అయితే ఆసుపత్రి కాగితాలు, పరిహారం జమ కావలసిన ఖాతా నంబరు. కువైట్‌లో ఇంటిపని చేస్తూ ఇక్కడ మనోవర్తి కేసు నడుపుకుంటున్న కోనసీమ ఆడపడుచు అయితే పాస్‌పోర్టు కాపీ, ఇంటికి డబ్బు పంపిన రసీదులు, తల్లికి కూడా చెప్పుకోని సంసారం మాటలు.

ఒకప్పుడు ఆ కట్ట బీరువాలో ఉండేది. తాళం ప్లీడరు గారి దగ్గరో, నమ్మకమైన గుమస్తా దగ్గరో ఉండేది. ఇప్పుడు అదే కట్ట స్కాన్ అయి ఆఫీసు కంప్యూటర్లో ఉంది, జూనియర్ మెయిల్లో ఉంది, గుమస్తా ఫోన్‌లో వాట్సాప్‌లో ఉంది. కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు కంప్యూటర్లోనూ ఒక కాపీ మిగిలిపోయి ఉండొచ్చు. స్కాన్ చేయడం తప్పేమీ కాదు, ఈ-ఫైలింగ్ వచ్చాక అది తప్పనిసరి పని. కానీ బీరువాకు ఒక తాళం ఉన్నట్టు ఈ కాపీలన్నిటికీ తాళం ఉందా అనేది చాలా ఆఫీసుల్లో ఎవరూ అడగని ప్రశ్న.

ఆ తాళం లేక వివరాలు బయటికి పోయినప్పుడు, వాటి సొంతదారుకు చట్టంలో ఏమేం దారులు ఉన్నాయి? దారులు చాలానే ఉన్నాయి. అయితే ఒక్కొక్క దారి ఒక్కొక్కటే ఇస్తుంది. పోలీసు స్టేషన్ పరిహారం ఇప్పించదు. బార్ కౌన్సిల్ పోయిన డబ్బు తిరిగి తెప్పించదు. పరిహారం ఇప్పించగలిగిన ఒక దారి గురించి బాధితుల్లో నూటికి తొంభై మంది విని కూడా ఉండరేమో. ఆ దారిలో ముఖ్యమైన భాగం 2027 మే నెలలో మూతపడబోతోంది కూడా.

విదేశాల్లో ఇలాంటివి పెద్ద పెద్ద లా ఫర్ములకే జరిగాయి. ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసులు చూసే టకర్స్ సొలిసిటర్స్ మీద 2020 ఆగస్టులో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. తొమ్మిది లక్షలకు పైగా ఫైళ్లకు తాళం పడింది, కోర్టు కాగితాల కట్టలు 60 బయటికి వచ్చాయి. అక్కడి సమాచార కమిషనర్ 2022లో ఆ సంస్థకు 98,000 పౌండ్ల జరిమానా వేశారు. ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి చాలా చిన్నది: బయటి నుంచి లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డుతో పాటు రెండో ధ్రువీకరణ పెట్టుకోకపోవడం. అమెరికాలో ఆరిక్ అనే ఫర్ములోకి 2023లో హ్యాకర్లు చొరబడ్డారు. 6 లక్షల 37 వేల మందికి పైగా వివరాలు చిక్కాయి. వాళ్లలో చాలామంది ఆ ఫర్ముకు క్లయింట్లు కారు. వేరే సంస్థల కేసుల కోసం వచ్చిన ఫైళ్లలో వాళ్ల పేర్లు ఉన్నాయంతే. బాధితులందరి తరఫున క్లాస్ యాక్షన్ దావాలు పడ్డాయి, 2024లో ఆ ఫర్ము 80 లక్షల డాలర్లకు రాజీకి వచ్చింది.

ఆ రెండు పద్ధతులూ మన దగ్గర అలాగే ఉండవు. ఇక్కడ పని ఎలా సాగుతుందో తెలియాలంటే ఒక ఉదాహరణ తీసుకోవాలి. ఇది కల్పించినదే, అయితే ఇందులో జరగలేనిది ఏదీ లేదు.

పి.గన్నవరం మండలంలో ఒక రైతు. అమలాపురం కోర్టులో పంపకాల దావా నడుస్తోంది. ప్లీడరు గారి మెయిల్ పాస్‌వర్డు ఒక మోసగాడికి చిక్కింది. వాడికి దావా నంబరు, వాయిదా తేదీ, ఎదుటి పార్టీ పేరు అన్నీ తెలిశాయి. "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండి, వాయిదాలోపు కోర్టు ఫీజు తేడా కట్టకపోతే దావా కొట్టేస్తారు" అని ఫోన్ చేసి, క్యూఆర్ కోడ్ పంపాడు. రైతు 60 వేలు కట్టేశాడు. వారం తిరగకుండానే, స్కాన్ చేసిన దస్తావేజు మీది వేలిముద్రతోనూ ఆధార్ నంబరుతోనూ ఆయన ఖాతా నుంచి ఇంకో 40 వేలు నాలుగు విడతలుగా తీసేశారు. మొత్తం లక్ష.

వేలిముద్ర సంగతి అతిశయోక్తి కాదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల యంత్రం మీద పెట్టి డబ్బు తీసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు. ప్లీడరు ఆఫీసులో ఉండేవి సరిగ్గా ఆ దస్తావేజులే.

మొదటి రోజు, మొదటి వారం

డబ్బు పోయిన రోజు లాయరుతో తగాదా పెట్టుకునే రోజు కాదు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు చేతులు మారే లోపు ఆ ఖాతాలను ఆపించగలిగే ఏర్పాటు అదే. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పోతూ ఉంటుంది. అలా ఆగిన డబ్బును తర్వాత కోర్టు ఉత్తర్వు ద్వారా తిరిగి తీసుకోవచ్చు.

తర్వాత బ్యాంకు. ఇక్కడే రైతు పోగొట్టుకున్న లక్ష రెండుగా విడిపోతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో మూడో చోట జరిగినప్పుడు, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే ఖాతాదారు మీద పైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఖాతా రకాన్ని బట్టి కొంత పరిమితి వరకే భారం. ఖాతాదారుదే తప్పు అని నిరూపించవలసిన బాధ్యత బ్యాంకుదే. వేలిముద్రతో తీసిన 40 వేలకు ఈ సర్క్యులర్ గట్టి ఆధారం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తన చేత్తో తానే కట్టిన 60 వేలకు మాత్రం బ్యాంకు ఒప్పుకోవడం కష్టం. "మీరే పంపారు కదా" అంటుంది. అందుకే ఫిర్యాదులో రెండింటినీ కలిపి "లక్ష పోయింది" అని రాయకూడదు, విడివిడిగా రాయాలి. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకోవడానికి ఆధార్ యాప్‌లో నిమిషాలే పడుతుంది, డబ్బేమీ కట్టనక్కర్లేదు. ఊళ్లో పెద్దవాళ్లకు, వేలిముద్ర పెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇంట్లో పిల్లలు ఈ పని చేసిపెట్టాలి. దస్తావేజులు బయటికి పోయాయని తెలిస్తే కొన్ని నెలలపాటు అప్పుడప్పుడు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూసుకోవాలి, తెలియకుండా ఎవరైనా ఏదైనా రిజిస్టర్ చేయించారేమోనని. అలాంటిది కనిపిస్తే దాన్ని రద్దు చేయించే దావాకు తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. ఎకరం ధర ఇంతగా ఉన్న డెల్టాలో ఈ జాగ్రత్త అనవసరమని ఎవరూ అనలేరు.

పోలీసులు చేయగలిగేది

ఎక్కువమంది వెళ్లేది ఇక్కడికే, ఆగిపోయేదీ ఇక్కడే. మోసం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. తీసుకోకపోతే ఎస్పీకి రాయవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. ఐటీ చట్టం (కంప్యూటర్, ఇంటర్నెట్ వ్యవహారాల కోసం 2000లో వచ్చిన చట్టం) కింద నేరాల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి.

మోసగాడి మీద పెట్టగలిగిన సెక్షన్లకు లోటు లేదు. హ్యాకింగ్‌కు ఐటీ చట్టం 66, వేరొకరి గుర్తింపు వాడినందుకు 66సీ, వేరే మనిషిగా నటించి మోసం చేసినందుకు 66డీ, బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజితే పాత ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహితలోని 308. గుమస్తాయో, మానేసి వెళ్లిన జూనియరో కావాలని ఫైలు ఎదుటి పార్టీకి అందిస్తే ఐటీ చట్టం 72ఏ వర్తించవచ్చు. ఒప్పందం ప్రకారం చేతికి వచ్చిన వ్యక్తిగత వివరాలను, నష్టం చేసే ఉద్దేశంతోనో నష్టం జరుగుతుందని తెలిసో బయటపెట్టడం దాని కింద నేరం, మూడేళ్ల వరకు జైలు.

కానీ ప్లీడరు గారి అజాగ్రత్త ఈ సెక్షన్లలో దేనికిందా నేరం కాదు. పాస్‌వర్డు బలహీనంగా పెట్టుకున్నందుకు ఎవరినీ అరెస్టు చేయరు. స్టేషన్‌లో "లాయరు మీద కేసు కట్టలేమండి" అన్నప్పుడు ఆ ఒక్క మాట వరకు పోలీసులు చెప్పేది సరైనదే. బాధితులు ఆ మాటతోనే ఇక దారి లేదనుకుని ఇంటికి వచ్చేస్తున్నారు. నేరం కానిదానికి పరిహారం ఉండకూడదని చట్టం ఎక్కడా అనలేదు.

దర్యాప్తులో ప్లీడరు గారి కంప్యూటర్ను పట్టుకెళితే మిగతా క్లయింట్ల రహస్యాలు ఏమవుతాయన్న టెన్షన్ కూడా న్యాయమైనదే. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. న్యాయవాది డిజిటల్ పరికరాలను కోర్టు ముందే పెట్టాలి, అభ్యంతరాలు విన్నాకే తెరవాలి, మిగతా క్లయింట్ల గోప్యత చెడకుండా చూడాలి. అంటే ఒక క్లయింటు ఫిర్యాదు చేస్తే ఊరందరి ఫైళ్లూ పోలీసుల చేతికి పోతాయన్న భయం అక్కర్లేదు.

పరిహారం ఇప్పించగలిగేది

ఐటీ చట్టం 43ఏ సెక్షన్ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. అది చెప్పేది ఇదీ: సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని తన కంప్యూటర్లో ఉంచుకున్న సంస్థ తగిన భద్రత పాటించడంలో నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఎవరికైనా నష్టం కలిగితే పరిహారం కట్టాలి. సెక్షన్‌లో ఉన్నది "ఎవరికైనా" అనే. క్లయింటే కానక్కర్లేదు. ఎదుటి పార్టీ లాయరు దగ్గర ఉన్న మీ పాసుబుక్కు కాపీ బయటికి పోయినా అడగవచ్చు.

మొదటి చిక్కు: ఒక్కడే నడుపుకునే ప్లీడరు ఆఫీసు "సంస్థ" అవుతుందా? కంపెనీలతో పాటు ఫర్ములు, ఒక్కరే యజమానిగా ఉన్నవి, వాణిజ్య లేదా వృత్తిపరమైన పని చేసే వ్యక్తుల సమూహాలు కూడా ఇందులోకి వస్తాయని చట్టమే వివరణ ఇచ్చింది. వృత్తి అనే మాట స్పష్టంగా ఉంది కాబట్టి న్యాయవాదులు దీనికి అతీతులు కారని వాదించడానికి బలమైన ఆధారం ఉంది.

రెండోది కంప్యూటరు. బీరువా పగలగొట్టి కాగితాల కట్ట ఎత్తుకుపోతే 43ఏ వర్తించదు. స్కాన్ పోతేనే వర్తిస్తుంది. ఆ స్కాన్ గుమస్తా సొంత ఫోన్‌లో ఉంటే, ఆ ఫోన్ ఆఫీసు అదుపులో ఉన్నట్టా లేనట్టా అన్న వాదన వస్తుంది. ఆఫీసు పని ఆ ఫోన్ మీదే నడిచేదని చూపించే వాట్సాప్ సందేశాలు అప్పుడు అక్కరకొస్తాయి.

మూడో చిక్కు అన్నిటికన్నా పెద్దది. ఏది సున్నితమైన సమాచారమో 2011 నియమాలు చెప్పాయి: పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతా, కార్డు వంటి ఆర్థిక వివరాలు, ఆరోగ్య పరిస్థితి, వైద్య రికార్డులు, లైంగిక ధోరణి, బయోమెట్రిక్స్. దావా నంబరు అందులో లేదు. వాయిదా తేదీ లేదు. భూమి సర్వే నంబరు లేదు. భార్యాభర్తల తగాదా లేదు. మన రైతు ఉదాహరణలో 40 వేలు పోయింది వేలిముద్ర వల్ల కాబట్టి అది జాబితాలోకి వస్తుందని చెప్పవచ్చు. 60 వేలు పోయింది దావా వివరాలు తెలిసిన మోసగాడి మాట నమ్మినందువల్ల. ఆ వివరాలు సున్నితమైనవి కావని ఎదుటివాళ్లు అంటారు. బ్యాంకు దగ్గర ఏ ముక్క బలహీనమో ఇక్కడా అదే ముక్క బలహీనం. మనోవర్తి కేసు మహిళ పరిస్థితి ఇంకా కష్టం. ఆమెకు జరిగిన నష్టం రూపాయల్లో లేదు, ఊళ్లో నలుగురి నోళ్లలో పడటంలో ఉంది. ఆ బాధకు వెలకట్టడం ఈ సెక్షన్‌కు సరిగ్గా చేతకాదు. ఇది చట్టంలో ఉన్న అన్యాయమైన లోటు.

నాలుగోది నిర్లక్ష్యం నిరూపించడం. ఇందుకు పెద్ద సాంకేతిక నిపుణుడే కావాలని లేదు. మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ ఉందా? ఒకే పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు? గుమస్తా మానేసినప్పుడు అతని ఫోన్ నుంచి ఆఫీసు మెయిల్ తీసేశారా? కంప్యూటర్లో ఉన్నది దొంగ కాపీ సాఫ్ట్‌వేరా? టకర్స్ లాంటి సంస్థ జరిమానా కట్టింది కూడా ఇలాంటి ప్రశ్నలకు జవాబు లేకే.

ఈ ఫిర్యాదు వినేది కోర్టు కాదు. ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రంలో ఐటీ శాఖ కార్యదర్శే న్యాయనిర్ణయ అధికారి. డెల్టా వాళ్లకు అది అమరావతిలోని సచివాలయం. 5 కోట్ల వరకు పరిహారం ఈ అధికారే నిర్ణయిస్తారు, ఆ పరిధిలో సివిల్ కోర్టుకు అధికారం లేదని 61వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తు తెల్ల కాగితం మీద నిర్దేశించిన నమూనాలో ఇవ్వవచ్చు. అడిగే మొత్తాన్ని బట్టి రుసుము ఉంటుంది. వీలైనంతవరకు నాలుగు నెలల్లో, మొత్తం ఆరు నెలల్లో తేల్చాలని 2003 నియమాలు అంటున్నాయి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని అప్పీలు ట్రిబ్యునల్ అయిన టీడీశాట్‌కు, అక్కడి నుంచి హైకోర్టుకు అప్పీలు. ఇది కాగితం మీద మాత్రమే ఉన్న దారి కాదు. 2010లో తమిళనాడు ఐటీ కార్యదర్శి, మెయిల్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న ఒక ఖాతాదారుకు 12.85 లక్షలు కట్టమని ఒక ప్రైవేటు బ్యాంకును ఆదేశించారు. అమలాపురం కోర్టు ప్రాంగణంలోనో భీమవరం బార్ రూములోనో ఈ దారి గురించి చెప్పే బోర్డు ఒక్కటి ఉన్నా ఎంతో మేలు.

వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు, బార్ కౌన్సిల్

ఫీజు తీసుకున్నారు, సేవలో లోపం జరిగింది, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళదాం అనుకోవడం సహజం. 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. న్యాయవాదుల సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని తేల్చింది. ఇప్పటికీ కొందరు కమిషన్‌లో ఫిర్యాదు వేసి నెలలు పోగొట్టుకుంటారు. బ్యాంకు మీద మాత్రం కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఆ తీర్పు న్యాయవాదులను అన్ని బాధ్యతల నుంచీ తప్పించలేదు. నిర్లక్ష్యానికి సివిల్ దావా వేసుకునే హక్కు అలాగే ఉంది. 61వ సెక్షన్ అడ్డు ఉంది కాబట్టి 43ఏ కిందికి వచ్చే నష్టానికి కాక, దాని పరిధిలోకి రాని వాటికి సివిల్ కోర్టు పనికొస్తుంది. ముఖ్యంగా ఇంజంక్షన్‌కు. బయటికి పోయిన కాగితాలు, ఫోటోలు ఇంకా ఎవరూ ప్రచురించకుండా, పంచకుండా ఆపమని కోర్టును అడగవచ్చు, దొంగ ఎవరో తెలియకపోయినా గుర్తు తెలియని వ్యక్తుల మీద ఉత్తర్వు కోరవచ్చు. మనోవర్తి కేసు మహిళకు డబ్బు కన్నా ఇదే ఎక్కువ అవసరం. ఒకే ఆఫీసు నుంచి చాలామంది వివరాలు పోయినప్పుడు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద అందరి తరఫున ఒకరిద్దరు దావా వేయవచ్చు. అమెరికా క్లాస్ యాక్షన్‌కు మన దగ్గర దగ్గరి చుట్టం అదే. పరిహారం దావాకు మూడేళ్ల గడువు.

బార్ కౌన్సిల్ గురించి ఆశ ఎక్కువగా పెట్టుకోకపోవడం మంచిది. 1961 న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మందలింపు నుంచి సస్పెన్షన్, పేరు కొట్టివేత వరకు శిక్షలు ఉన్నాయి. క్లయింటు చెప్పిన రహస్యం బయటపెట్టకూడదని సాక్ష్య చట్టం (ఇప్పుడు సాక్ష్య అధినియం 132వ సెక్షన్), బార్ కౌన్సిల్ నియమాలు రెండూ కట్టడి చేస్తాయి. ప్లీడరే కావాలని బయటపెడితే ఇది సరైన చోటు. హ్యాకింగ్ జరిగినప్పుడు మాత్రం, దురుద్దేశం లేని వట్టి నిర్లక్ష్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని సుప్రీంకోర్టు 1963 నుంచీ చెబుతూ వస్తున్న మాట అడ్డం వస్తుంది. పైగా ఫిర్యాదుదారుకూ న్యాయవాదికీ మధ్య సాధారణంగా వృత్తి సంబంధం ఉండాలని 2025 సెప్టెంబరులో అదే కోర్టు అంది. కాబట్టి ఎదుటి పార్టీ లాయరు మీద ఈ ఫిర్యాదు నిలబడటం కష్టం.

2027 మే నెల ఎందుకు ముఖ్యం

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి చాలామంది గొప్పగా విన్నారు. 250 కోట్ల జరిమానా అన్న అంకె అందరికీ గుర్తుంది. ఆ 250 కోట్లలో బాధితుడికి ఒక్క రూపాయి రాదు. జరిమానా అంతా కేంద్ర సంచిత నిధికి పోతుంది. ఈ చట్టంలో బాధితుడికి పరిహారం అనే మాటే లేదు.

2025 నవంబరులో వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం దీని ప్రధాన సెక్షన్లు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అదే రోజున ఐటీ చట్టం నుంచి 43ఏ తొలగిపోతుంది. ఇంతకాలం సామాన్యుడికి ఉన్న పరిహారపు హక్కును తీసేసి, దాని బదులు ప్రభుత్వానికి వెళ్లే జరిమానా పెట్టడం న్యాయంగా లేదు. లక్ష పోయిన రైతుకు, ఆ జరిమానా ఖజానాకు చేరిందన్న వార్త ఏ విధంగానూ ఊరట ఇవ్వదు. 43 సెక్షన్ ఉంటుంది, దాని కింద హ్యాక్ చేసినవాడి నుంచి, అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకున్నవాడి నుంచి పరిహారం అడగవచ్చు. కానీ వాడు దొరకాలి కదా.

కొత్త చట్టం కింద, లీక్ జరిగితే బాధితులకు ఆలస్యం చేయకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరంగా నివేదించాలి. ఇది నిజంగా మంచి మార్పు. అయితే 17వ సెక్షన్ చట్టబద్ధమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన డేటా వాడకానికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపులో భద్రత పాటించే బాధ్యత అలాగే ఉంటుంది, లీక్ సంగతి బాధితుడికి చెప్పే బాధ్యత మాత్రం ఉండదు. ప్లీడరు ఆఫీసులో ఉండేది దాదాపు అంతా దావాల కోసం ఉన్న డేటానే. ఈ మినహాయింపును ఆసరాగా తీసుకుని క్లయింట్లకు చెప్పకుండా ఊరుకోవచ్చని ఎవరైనా వాదిస్తే, దానికి ఎదురు వాదన సిద్ధం చేసుకోవాలి. ఒప్పందంలోనే, వకాలత్ మీద సంతకం పెట్టేటప్పుడే, లీక్ జరిగితే వెంటనే చెప్పాలని ఒక వాక్యం రాయించుకోవడం అందుకు తేలికైన మందు.

43ఏ పోయేలోపు జరిగిన నష్టం సంగతేమిటి? ఒక చట్టం రద్దయినా అంతకుముందే ఏర్పడిన హక్కులు పోవని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అంటే లీక్, నష్టం రెండూ ఆ తేదీకి ముందే జరిగాయని చూపగలిగినవాళ్లకు తర్వాత కూడా వాదించడానికి ఆధారం ఉంటుంది. అది చూపాలంటే తేదీలు ఉన్న కాగితాలు కావాలి.

కాగితం మీద పెట్టవలసినవి

మన ఊళ్లలో ప్లీడరు గారితో సంబంధం తరాలది. నాన్నగారి దావా చూసిన ఆయనే కొడుకు దావా చూస్తారు, పెళ్లికి పిలుస్తాం, పండక్కి పనసకాయ పంపిస్తాం. ఆయనకు ఉత్తరం రాయాలంటే మొహమాటం అడ్డొస్తుంది. పైగా అదే బార్‌లో ఆయన మీద కేసు పట్టే ఇంకో ప్లీడరు దొరకడం కష్టం కావొచ్చు. పక్క ఊరి లాయరును పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి, 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలోనూ అడగవచ్చు.

ఉత్తరం తగాదా పెట్టుకోవడానికి కాదు, మర్యాదగానే రాయవచ్చు. నా ఫైల్లోని ఏ కాగితాలు బయటికి పోయాయి, ఎప్పుడు పోయాయి, మీకు ఎప్పుడు తెలిసింది, ఏ మెయిల్ నుంచి, ఏ ఫోన్ నుంచి, ఇంకా ఎవరికి చెప్పారు, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేశారా అని అడగాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి, కంప్యూటర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ 180 రోజులు దాటితే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో చెప్పే ఆధారం పోవచ్చు. లాగ్‌లు చెరపవద్దని ఉత్తరంలో అడగడం అందుకే.

ఫైలు వెనక్కి కావాలంటే అడగవచ్చు. ఫీజు బాకీ ఉందని చెప్పి క్లయింటు కాగితాలు బిగపట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. తీసుకునేటప్పుడు ఏయే కాగితాలు తీసుకున్నారో జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే, తర్వాత ఏది ఎవరి దగ్గర ఉండి బయటికి పోయిందన్న తగాదా రాదు.

మోసగాడి ఫోన్ కాల్ వివరాలు, క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్, 1930 ఇచ్చిన ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, పోలీసు రసీదు అన్నీ ఒక చోట పెట్టుకోవాలి. ఫోన్ మార్చినా పాత ఫోన్ పారేయకూడదు, అందులోని సందేశాలు చెరపకూడదు. ఉత్తరం ఆఫీసులో చేతికిచ్చి నోటిమాటగా చెప్పి వస్తే ఆరు నెలల తర్వాత దానికి సాక్ష్యం ఉండదు. స్పీడ్ పోస్టులో పంపితే రసీదు మీద పోస్టాఫీసు వేసిన తేదీ ఉంటుంది.